పక్కపక్కన చదవొద్దు

"ఆగు, అప్పుడే మడవకు ఆ కాగితం. ఇంకోసారి చదువు," అంది యాన్.

రక్స్మీ మళ్ళీ మొదటినుంచీ చదివింది. అమ్మమ్మ, తాతయ్య, ఆకలికి పోయిన మేనమామలిద్దరు, నాన్నవైపు పెద్దవాళ్ళు. అందరికంటే పైన ఈ ఏడే కొత్తగా చేరిన పేరు, ఊక్ సొఖోమ్. నాన్న పోయి నాలుగు నెలలైంది.

"అంతేనా అమ్మా?"

"అంతే."

"మరి కొలాప్ ఎవరు?"

యాన్ అరటాకులో బంకబియ్యం పెట్టి నారతో బిగిస్తోంది. ముడి జారింది. మళ్ళీ వేసింది.

"నీకెవరు చెప్పారు?"

"నాన్నే. ఆస్పత్రిలో నన్ను చూసి ఆ పేరు పెట్టి పిలిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు."

"చూశావా! పోతూపోతూ కూడా దాన్నే పిలిచాడు. పక్కన పెళ్ళాన్ని గుంజలా కూర్చునే ఉన్నానుగా!" యాన్ నారని పటుక్కున తెంపింది. "మీ నాన్న మొదటి పెళ్ళాం. చాలా?"

చాలదని రక్స్మీ మొహమే చెప్పింది. ఆమె పొరుగూరి బడిలో పంతులమ్మ. జవాబు సగంలో ఆపేస్తే ఒప్పుకునే రకం కాదు. చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. బయట బౌద్ధ విహారంలో రేపటి ప్చుమ్ బెన్ పండక్కి మైకు సరిచూస్తున్నారు. పదిహేను రోజుల పెద్దల పక్షానికి రేపే ఆఖరు. ఈ పక్షంలో చచ్చినవాళ్ళు తమవాళ్ళ చేతి ముద్ద కోసం ఏడు విహారాలు తిరుగుతారు. విహారం పెద్ద ఆచార్ కాగితం చూసి పేరు పెట్టి పిలిస్తేనే ముద్ద వాళ్ళకి చేరుతుంది. ఏడింట్లోనూ పిలుపు లేకపోతే పస్తే.

"మా పెళ్ళి ఎలా అయిందో నీకు తెలుసుగా," అంది యాన్.

తెలుసు. ఆ ఊళ్ళో ఆ వయసు వాళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకూ అలా అయినవే. నల్లబట్టల విప్లవకారుల రాజ్యం చివరి ఏడాది, పొలం పని ఆపించి పద్దెనిమిది మంది ఆడవాళ్ళని ఒక వరస, పద్దెనిమిది మంది మగవాళ్ళని ఒక వరస నిలబెట్టారు. ఎదురుగా ఉన్నవాడి చెయ్యి పట్టుకోమన్నారు. పూలు లేవు, పెద్దలు లేరు, రాజ్యం నడిపే 'సంస్థ' మీద ఒట్టు మాత్రం ఉంది. యాన్‌కి అప్పుడు ఇరవై. బడిపంతులు కూతురు. తండ్రిని కళ్ళజోడు చూసి, చదువుకున్నవాడని తీసుకుపోయారు కాబట్టి తనకి అక్షరమ్ముక్క రాదని ఒట్టేసి బతికింది. ఎదురుగా నిలబడ్డవాడు సైకిళ్ళు బాగుచేసుకునే సొఖోమ్.

"ఆ రాత్రి గుడిసెలో గోడకి తిరిగి కూర్చున్నాడు. నాకో పెళ్ళాం ఉంది, కొలాప్ అని, వేరే పనిదళంలోకి తోలేశారు, ఏమైందో తెలీదు అని ఒకటే ఏడుపు. గుంజల గుడిసె కదా, కింద వాళ్ళ మనుషులు నక్కి వింటారని నాకు తెలుసు. మొగుడూ పెళ్ళాల్లా లేకపోతే తెల్లారి ఇద్దర్నీ తీసుకుపోతారు. అందుకని చెవిలో చెప్పాను, ఏదో ఒకటి ముద్దుగా పిలువు బాబూ, వాళ్ళు పోతారు అని."

"పిలిచాడా?"

"పిలిచాడు. ఊన్, అన్నాడు."

రక్స్మీ నవ్వబోయి ఊరుకుంది. అక్కడ మొగుడు పెళ్ళాన్ని ఊన్ అనడం గాలి పీల్చినంత మామూలు. కాని తన తండ్రి నోట ఆ మాట తను ఎన్నడూ వినలేదని అప్పుడే తట్టింది. ఆయన ఎప్పుడూ 'రక్స్మీ వాళ్ళమ్మా' అనేవాడు.

"నలభై ఏళ్ళ కాపురంలో అదొక్కసారే," అంది యాన్. "అదీ నాక్కాదు, గుడిసె కింద నక్కినవాడికి. నిజం ఊన్ ఆ కొలాపే. నేను రక్స్మీ వాళ్ళమ్మని. నువ్వు పుట్టకముందు 'ఇదిగో'ని."

రాజ్యం కూలిపోయాక అలా కట్టబెట్టిన జంటలు చాలా విడిపోయాయి. సొఖోమ్ కూడా కొలాప్‌ని వెతకడానికి కాలినడకన బయల్దేరాడు. యాన్ పొమ్మంది. నలభై రోజుల తరవాత ఒక సాయంత్రం అతను ఒక్కడే తిరిగొస్తుంటే చేలోంచి చూసింది.

"వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు. ఎంత సంతోషం వేసిందో తెలుసా? ఒక ఆడమనిషి దొరకలేదని సంతోషం! వీడు నాకోసం రాలేదు, అది దొరక్క వచ్చాడు అని తరవాత తెలిసొచ్చింది. అది చెయ్యి కాల్చుకునీ కాల్చుకునీ నేర్చుకున్నాను."

చాలా ఏళ్ళు సొఖోమ్ కొలాప్ పేరు ఈ కాగితంలో రాయనివ్వలేదు. బతికున్నవాళ్ళ పేరు పోయినవాళ్ళ వరసలో రాస్తే ఆయుష్షు తరుగుతుందట. రక్స్మీకి ఏడో ఏడు నడుస్తుండగా ఎవరో పాత పనిదళం మనిషి సైకిలు చక్రం బాగుచేయించుకోడానికి వచ్చి మాటల్లో చెప్పాడు. ఆనకట్ట దగ్గర ఆకలికి పోయిందని, అదీ సొఖోమ్ చేత యాన్ చెయ్యి పట్టించక ముందే పోయిందని. సొఖోమ్ లోపలికొచ్చి చేతుల గ్రీజు కడుక్కుని, "ఈ ఏడు కొలాప్ పేరు రాయి. ఇంటిపేరు చియా," అన్నాడు.

"రాశావా?"

యాన్ మరో ఆకు తుడిచి ముందు పరుచుకుంది.

"అమ్మా."

"ఆయనకి చదువు రాదు. తుపాకి మడమ దెబ్బకి చెవులు మందగించాయి, దగ్గరగా చెబితే తప్ప మాట అందేది కాదు. ఆచార్ మైకులో చదువుతుంటే మోకాళ్ళ మీద కూర్చుని నా మొహంకేసి చూసేవాడు. చదివారా అని. నేను తల ఊపేదాన్ని."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై తొమ్మిది."

"ఆకలితో పోయిన మనిషిని ఇరవై తొమ్మిదేళ్ళు పస్తు పెట్టావా?"

"పెట్టాను. అక్షరాలు రావని దాచుకుని బతికాను, ఆ అక్షరాలతోనే దాని కడుపు మాడ్చాను. పాపమే. తిట్టు. కాని ఆ తల ఊపగానే ఆయన మొహం చూడాల్సింది నువ్వు! అంత వెలుగు నాకోసం ఒక్కనాడు వెలిగుంటేనా, ఏడాదికి పదిసార్లు రాసేదాన్ని."

"ఇప్పుడు నాన్న కూడా అక్కడే ఉన్నాడుగా. ఇంకా ఎందుకు?"

"అందుకే మరీను! దాని పేరు చదివిస్తే రేపు అదే విహారానికి వస్తుంది. ఇద్దరూ కలుస్తారు. నా చేత్తో పిలిచి కలపనా?"

రక్స్మీ కాగితం చాప మీద పెట్టింది. కోపంగా లేదు, తన పిల్లలకి లెక్క విప్పినట్టు మెల్లగా అడిగింది. "పిలవకపోతే రాదా? ఏడు విహారాలూ తిరుగుతారంటారుగా. ఎక్కడో ఒకచోట ఖాళీ చేతుల్తో కనబడదా? నాన్న చేతిలో నువ్వు చుట్టిన పొట్లం ఉంటుంది. అప్పుడు ఆయనేం చేస్తాడు?"

యాన్ చెయ్యి ఆగిపోయింది.

ఏం చేస్తాడో ఆమెకంటే తెలిసినవాళ్ళు లేరు. పనిదళంలో గంజిలో నాలుగు మెతుకులు తేలితే రెండు ఈమె చిప్పలోకి తోసి, కడుపు నిండిందని నీళ్ళు తాగేసిన మనిషి. కట్టబెట్టిన పెళ్ళానికే అలా పెట్టాడు. కోరుకున్నదానికైతే!

"మొత్తం దానికే పెట్టేస్తాడు," అంది యాన్ గొంతు తగ్గించి. ఆ వెంటనే పెంచి, "నేను పొద్దుట్నుంచీ నడుం పడిపోయేలా చుట్టింది అది తిని, ఆయన పస్తుంటాడు! నాలుగు నెలలకే నా మొగుడి కడుపు మాడుస్తారా ఇద్దరూ కలిసి? ఇలా తే ఆ కలం!"

కాగితం లాక్కుంది. అట్టడుగున, వేలెడు చోటు వదిలి, చియా కొలాప్ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. మూడు పొట్లాలు తీసి వేరే పళ్ళెంలో పెట్టింది. ఒకసారి చూసి, నాలుగోది కూడా వేసింది.

"దీని తిండి దీనిది. ఆయన దాంట్లో చెయ్యి పెట్టడానికి వీల్లేదు."

రక్స్మీ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గుమ్మం దిగింది. నాలుగడుగులు వెయ్యలేదు, పైనుంచి కేక.

"ఇదిగో అమ్మాయ్! పైనుంచి కిందికి వరసగానే చదవమను ఆచార్‌ని. అటూ ఇటూ కలిపేస్తాడు ఆ ముసలాడు. వాళ్ళిద్దరి పేర్లూ పక్కపక్కన చదవొద్దు. మధ్యలో మా అమ్మ ఉండాలి, మా నాన్న ఉండాలి, అందరూ ఉండాలి. ఇంకా, కాగితం ఇచ్చేసి వచ్చెయ్యకు. రేపు అక్కడే కూర్చుని చివరిదాకా విను. అది కూడా చదివారో లేదో వచ్చి నాకు చెప్పు. ఊరికే తల ఊపావంటే ఊరుకోను."