కుర్చీల కూసున్నాయన

పన్నెండు పటాలకు మేకులు ముందే కొట్టిండ్రు. ఎవలెవలి పటాలు పెట్టాలెనో మాత్రం తేలలే.

వనపర్తిల మా పింఛన్ల ముసలోళ్లందరం కలిసి పెట్టుకున్న రీడింగు రూము అది. పేపరు సదువుతం, చాయ్ తాగుతం, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటం. కొత్త గోడ లేసినంక, దాని మీద ‘జాతి నిర్మాతలు’ అని పెద్దగ రాపిచ్చి కింద పన్నెండు మంది పటాలు పెడుదమన్నడు మా కార్యదర్శి. మంచిగుంటదని చెయ్యెత్తినోళ్లల్ల నేనొకన్ని. గప్పుడే నా చెయ్యి ఇరిగినా బాగుండు.

ఇగ సూడాలె లొల్లి! పేర్లు రాయను, రాస్తే గీ కాగితం మీద గూడ కొట్లాట మొదలైతది. జైలుకు పోయినాయన గొప్పనా, పుస్తకాలు రాసినాయన గొప్పనా, చట్టం రాసినాయన ముందా, బందూకు పట్టినాయన ముందా. నలభై ఏండ్లు ఒకే ఆఫీసుల పక్కపక్క కూసుని పని చేసిన ఇద్దరు దోస్తులు, ఒక పటం నడుమ ఉండాలెనా చివరికి ఉండాలెనా అన్న మాట మీద మాట్లాడుకునుడు బంద్ చేసిండ్రు. “ఆడోళ్లు ఒక్కరన్న వద్దా?” అని రిటైరైన నర్సు ఒకామె అడిగితే, “సూద్దం తియ్యమ్మా” అన్నరు. ఆమె చాయ్ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి లేసిపోయింది. తెల్లారి భయపడి ఒక ఆడమనిషి పేరు రాసుకున్నరు.

ఎట్లనో పదకొండు పటాలు అయినయి. పన్నెండోది మన దిక్కు మనిషిదే ఉండాలె అన్నరు. గప్పుడు అసలు దుకాణం తెరిచిండ్రు. ఒకప్పుడు అందరం ఒక్క పాలమూరు జిల్లానే. ఇప్పుడు ఐదైనయి గదా, ఈడ కూసున్న మూడు జిల్లాలోళ్లకు మహనీయులను గూడ మూడు పాళ్లు పంచాలెనంట. గద్వాల నుంచి వచ్చే వకీలు సాబ్ వాళ్ల సంస్థానం రాజును పట్టుకొని ఇడువడు. వనపర్తోళ్లకు మాత్రం రాజులు లేరా? నాగర్‌కర్నూల్ హెడ్మాస్టరు, “రాజులెందుకయ్యా, పాత కాలం ఇంజనీరు ఒకాయన ఉన్నడు, దేశంల ఎన్ని డ్యాములు కట్టిండో ఎరుకేనా?” అన్నడు.

నాకు సురుక్కుమన్నది. “ఆయన కట్టిండా? పార పట్టిండా, తట్ట ఎత్తిండా?” అన్న. అందరు నా దిక్కు తిరిగిండ్రు. ఇగ ఆగలే నేను. దేశంల ఏ డ్యాం కాడికన్న పొయ్యి కట్ట తవ్వి సూడుండ్రి, మన పాలమూరోళ్ల చెమట ఎల్లుతది అన్న. గుంపులు గుంపులు లారీలెక్కి పోయినోళ్లు, సగం మంది తిరిగి రానోళ్లు, గా కాల్వల నీళ్లు ఎవలి పొలాలకు పోయినయో గూడ తెల్వనోళ్లు, వాళ్లు జాతి నిర్మాతలు కాకపోతే ఇంకెవలయ్యా అన్న. ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు గదా, గోడలదిరినయి. నాకే మురిపెం అనిపించింది.

వకీలు సాబ్ కండ్లద్దాలు తుడుసుకొని, “సార్ చెప్పింది కరెక్టే” అన్నడు. పన్నెండో పటం పాలమూరు కూలోళ్లది అని రాసుకున్నరు.

గంత మాట్లాడిన నేను ఒక్క మాట చెప్పలే. గా కూలోళ్లల్ల మా నాయిన ఉన్నడని చెప్పలే. మా అమ్మ తట్ట మోసిందని చెప్పలే. ఎందుకు చెప్పలేదంటే, ఏం చెప్పాలె? నలభై ఏండ్ల నుంచి ‘సార్’ అనిపిచ్చుకుంటున్న. గా పిలుపు ఎక్కడ జారిపోతదో అని భయం. సిగ్గు లేని భయం.

“ఫోటో ఎక్కడ దొరుకుతది?” అన్నరు. “నేను తెస్త” అన్న.

మా ఇంట్ల ఒక్కటే ఫోటో ఉన్నది. అమ్మ రేకు డబ్బల, చీరెల కింద పెట్టుకున్నది. అప్పట్ల గుంపులకు ఒక రివాజు ఉండె. డ్యాం పని ఒడిసే ముంగట గుంపు మేస్త్రి దగ్గరి పట్నం నుంచి ఫోటో తీసెటాయనను పిలిపిచ్చెటోడు. గుంపును పట్టుకపోయేది, పని చేపిచ్చేది మేస్త్రినే. ఆయన నడుమ కుర్చీల కూసుంటడు, తెల్ల అంగి, చేతికి గడియారం. మొగ కూలోళ్లు ఎనక వరుసగ నిలబడాలె. ఆడోళ్లు ఫోటోల ఉండరు, గప్పుడు గూడ మట్టి మోస్తనే ఉండిరంట. మా నాయిన సరిగ్గ మేస్త్రి ఎనక నిలబడ్డడు. ఎడమ చెయ్యి కుర్చీ మీద ఏసిండు. గా చేతికి చూపుడు వేలు సగమే. రాయి కొట్టేటప్పుడు సమ్మెట తప్పి ఉలి పట్టిన వేలు మీద పడ్డది.

గా ఫోటో దిగిన ఏడాదికే మా నాయిన పోయిండు. నేను గప్పుడు లింగాల ఊర్ల మా అమ్మమ్మ కాడ ఉండి సదువుకుంటున్న. ఇంకో డ్యాం కాడికి గుంపును మారుస్తుండ్రు, మా నాయినకు ఒళ్లు కాలిపోయే జ్వరం. అమ్మ మేస్త్రి కాళ్లు పట్టుకున్నది. ఒక్క దినం లారీ ఆపు, దవాఖానకు తీస్కపోయొస్త అన్నది. ఆపలే. మా నాయినను గుడిసెల ఇడిసి, అమ్మను రెక్క పట్టి లారీ ఎక్కిచ్చిండ్రు. తర్వాత కబురొచ్చింది, కట్ట పక్కకే పూడ్సినమని. ఎక్కడ పూడ్సిండ్రో ఇప్పటికీ మాకు తెల్వదు.

అదే మేస్త్రి, పోయేటప్పుడు బీచుపల్లి కాడ లారీ తప్పకుండ ఆపేటోడంట. కృష్ణ దాటేముందు అందరు దిగి ఆంజనేయస్వామికి మొక్కాలె. దేవునికి ఆపిండు, మనిషికి ఆపలే అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఫోటో ఇమ్మంటే అమ్మ శానా సేపు చేతులనే పట్టుకున్నది. ఆమెకు చెవులు దాదాపు పోయినయి, చెవి కాడ నోరు పెట్టి గట్టిగ చెప్పాలె. “అమ్మా, నాయిన పటం పెద్దగ చేపిచ్చి గోడకు పెడ్తరంట. పెద్ద పెద్దోళ్ల పక్కన.”

“మీ నాయిననా?” అన్నది. “నిజమేనారా?”

“నిజమేనే.”

ఇచ్చింది. ఫోటో చేతుల పెట్టంగ, “తిరిగి తెచ్చియ్యి” అని మాత్రం అన్నది. నేను పొయ్యి కార్యదర్శి చేతుల పెట్టిన. “ఎక్కడిది సార్ గిది?” అన్నడాయన. “మా ఊరి దిక్కు ఎవలింట్లనో ఉండె” అన్న. నా నోట్ల మన్ను బడ. గక్కడ “గీయన మా నాయిన” అని ఒక్క ముక్క అంటే అయిపోతుండె.

వారం దినాలకు ఫోటో తిరిగొచ్చింది, అమ్మ మళ్ల డబ్బల పెట్టుకున్నది. పటాలు తెరిచే దినం అమ్మకు కొత్త చీరె కట్టిచ్చిన. ఆటోల పొయ్యేటప్పుడు అడిగింది, మీ నాయిన ఏ మూలకు ఉన్నడని. “కిటికీ పక్కకు, ఆఖరు పటం” అని చెవిల చెప్పిన. తోవ పొడుగూత కొంగు సదురుకుంటనే ఉన్నది.

ఒక్కొక్క పటం మీది గుడ్డ తీస్తుండ్రు. చప్పట్లు కొడ్తుండ్రు. పన్నెండోది తీసిండ్రు. సాటంత మొకం. మేస్త్రిది. తెల్ల అంగి, గడియారం. పక్కన ఎవలూ లేరు, ఎనక ఎవలూ లేరు, కోసేసిండ్రు. కింద ‘పాలమూరు శ్రమజీవి’ అని బంగారు రంగుల రాసిండ్రు.

కార్యదర్శి రెక్క పట్టుకొని, “ఏంది గిది? గుంపు ఫోటో గదా ఇచ్చింది?” అన్న.

“గుంపును పెడితే దండ ఎవలికి ఏస్తం సార్?” అన్నడాయన. “ఒక్క మొకం ఉండాలె గదా. ఎనకోళ్ల మొకాలు మసక మసక ఉన్నయి. కుర్చీల కూసున్నాయన జర పెద్దమనిషి లెక్క ఉన్నడు. ఎందుకు, గీయన మీకు ఎరికేనా?”

ఎరికనా అని అడిగిండు. గంతల మైకుల నా పేరు పిలిచిండ్రు. ఈ పటం ఆలోచన సారుదే, రెండు మాటలు మాట్లాడుతరు అన్నరు. నేను పోయిన. మైకు పట్టుకున్న. గక్కడనే, గా పటం ముంగటనే చెప్పాల్సింది. గీయన మా నాయినను సావనిడిసిపోయినోడు, దించుండ్రి అని చెప్పాల్సింది. చెప్పిననా? “మన శ్రమకు ఇన్నేండ్లకు గుర్తింపు దొరికింది, సంఘానికి కృతజ్ఞతలు” అన్న. శానా సేపే మాట్లాడిన గూడ. చప్పట్లు కొట్టిండ్రు.

దిగి వచ్చి సూస్తే అమ్మ కుర్చీల లేదు. ఆఖరు పటం ముంగట నిలబడ్డది. అద్దం మీద ఏలు పెట్టి, మొకం దగ్గరికి పెట్టి, అట్లనే నిలబడ్డది. ఎవలో సెల్లుల ఫోటో తీస్తుండ్రు. నేను పొయ్యి చెయ్యి పట్టుకొని బయటికి తీస్కవచ్చిన. ఆటో ఎక్కిచ్చి ఇంటికి తెచ్చిన.

తెల్లారి మా సంఘం వాట్సాప్ గ్రూపుల గా ఫోటో వచ్చింది. ‘శ్రమజీవికి భక్తితో నమస్కరిస్తున్న మన సారు గారి మాతృమూర్తి’ అని రాసిండ్రు. కింద అందరు దండాలు పెట్టిండ్రు. వకీలు సాబ్ ‘ధన్యజీవి’ అన్నడు. నేను సెల్లు మూసేద్దమంటే అమ్మ సూడనే సూసింది.

“నా ఫోటోనా? ఏం రాసిండ్రు?”

ఏదో ఒకటి చెబుదామనుకున్న. అబద్ధం గూడ దొరకలే. “నువ్వు మొక్కుతున్నవని రాసిండ్రే” అని చెవిల చెప్పిన.

“వానికా?” అన్నది. ఒక్కసారి లేసి కూసున్నది. “నేను మొక్కలేరా. మీ నాయిన చెయ్యి కోసుడు మరిచిండ్రు. కుర్చీ మీద మిగిలింది. ఆయనదేనా కాదా అని ఏలు సూసిన.” తన చూపుడు వేలు సగానికి మడిచి నాకు సూపెట్టింది. “ఆయనదే.”

మళ్ల నా మొకం దిక్కు సూసి అడిగింది.

“నాకు ఇనపడకపాయె. నువ్వు మైకుల గంత సేపు మాట్లాడితివి గదా బిడ్డా, గా చెయ్యి మీ నాయినదని చెప్పినవా?”

“చెప్పిననే అమ్మా” అన్న.