నసీమా చూపించిన చుక్క

నిన్న పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ ఎత్తాను. నసీమా తమ్ముడు.

"అక్కా, నసీమా ఆపా ఇక లేదక్కా" అన్నాడు.

గుండెపోటట. ఆస్పత్రికి తీసుకెళ్లే టైం కూడా ఇవ్వలేదట. పాలు పొంగి స్టవ్ అంతా పోయాయి. నేను అలాగే నిలబడి చూస్తున్నాను.

మొన్న ఆదివారమే చాలాసేపు మాట్లాడుకున్నాం. అందులో సగం టైం షుగర్ చెక్ చేయించుకోలేదని నన్ను తిట్టడానికే సరిపోయింది. తనేమో ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. నసీమా, నేను విజయవాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కలిసి చదివాం. మాది కూచిపూడి పక్కన పల్లె, వ్యవసాయం ఇల్లు. నేను హాస్టల్లో ఉండేదాన్ని. తనది వన్ టౌన్. వాళ్ల అబ్బాకి ఆటో స్పేర్ పార్ట్స్ షాపు ఉండేది. ల్యాబ్‌లో మా ఇద్దరిదీ ఒకే టేబుల్.

2003లో కార్తీక మాసం, రంజాన్ కలిసి వచ్చాయి. తను నెలంతా రోజా. నేను సోమవారాలు ఉపవాసం.

నాది అసలు ఉపవాసమే కాదని తన వాదన. "కాఫీ తాగొచ్చు, పళ్లు తినొచ్చు, కొబ్బరినీళ్లు తాగొచ్చు. ఇంక నువ్వు మానేసిందేంటే?" అనేది.

అన్నం అని చెప్పేదాన్ని. డెల్టా వాళ్లం, అన్నం మానేస్తే అన్నీ మానేసినట్టే మరి.

తనది అలా కాదు. పొద్దు గూకే దాకా నీళ్లు కూడా ముట్టదు.

సమస్య అక్కడే వచ్చింది.

అప్పట్లో మేం పిపెట్‌ని నోటితోనే పీల్చేవాళ్లం. గాజు గొట్టం ఒక కొస సొల్యూషన్‌లో ముంచి, ఇంకో కొస నోట్లో పెట్టుకుని, గీత దాకా పైకి లాగి, వేలితో మూయాలి. కాస్త ఏమరితే సొల్యూషన్ నోట్లోకి వచ్చేస్తుంది. రబ్బరు బల్బులు ల్యాబ్‌లో పేరుకి ఉండేవి. అన్నీ చిల్లులే.

రంజాన్ మొదట్లో ఒకరోజు అలాగే పర్మాంగనేట్ తన నోట్లోకి వచ్చేసింది. పెదాలన్నీ ఊదా రంగు. రోజాలో ఉండి నేరేడుపళ్లు తిన్నావా అని క్లాసంతా ఒకటే ఏడిపించడం. తను నవ్వలేదు. ఉమ్మేసి వచ్చి మూల స్టూల్ మీద కూర్చుంది. మింగలేదు కాబట్టి రోజా పోలేదని ఇంట్లో వాళ్ల దాదీ చెప్పిందట. అయినా తన మనసు కుదుటపడలేదు.

ఇంతలో ప్రాక్టికల్ ఎగ్జామ్ డేట్ వచ్చింది. రంజాన్‌లోనే. పైగా సోమవారం.

ఎగ్జామ్ అంటే పొద్దున్నుంచీ పిపెట్ పీలుస్తూనే ఉండాలి. మా సార్ మంచాయనే, ఒక్క రోజు మానెయ్యమ్మా, తర్వాత ఉండొచ్చుగా అన్నారు. వాళ్ల అబ్బా కూడా పరీక్ష ముఖ్యమన్నారట. ఇది మాత్రం రెండూ వదలనని కూర్చుంది. అంత మొండిఘటాన్ని నేను మళ్లీ చూడలేదు.

"ఈ చదువు ఇచ్చింది ఆయనేగా. ఆయన్ని పక్కన పెట్టి రాస్తే ఏం బాగుంటుందే?" అంది నాతో.



రెండ్రోజుల తర్వాత బ్యాగులోంచి ఒక నల్ల రబ్బరు బుడ్డ తీసింది. ఆటో హారన్‌ది. పాం పాం అని చేత్తో నొక్కేవాళ్లు చూడండి, అది. నాకు నవ్వు ఆగలేదు. తను కార్కుకి కన్నం పెట్టి, దాన్ని పిపెట్‌కి బిగించి, నొక్కి వదిలింది. సొల్యూషన్ గీత దాటి, గొట్టం దాటి, బుడ్డలోకి వెళ్లిపోయింది. అంత గాలి ఆటోకి కావాలి గానీ పిపెట్‌కి ఎందుకు!

ఎగ్జామ్ దాకా రోజూ అదే ప్రాక్టీస్. ఎంత నొక్కాలి, ఎప్పుడు తీసి వేలు పెట్టాలి. తను నడిచొస్తుంటే మగపిల్లలు పాం పాం అనేవాళ్లు. వినపడిందిగా, సైడ్ ఇవ్వండి అనేసి వెళ్లిపోయేది.

ఎగ్జామ్ రోజు ఎక్స్‌టర్నల్ గారు మా టేబుల్ దగ్గర ఆగారు. ఆ బుడ్డని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. రోజాలో ఉన్నానండీ, నోటితో పీల్చలేనండీ అని తను ఉన్నదున్నట్టు చెప్పేసింది.



"రీడింగులు చూపించమ్మా" అన్నారు.

చూశారు. అన్నీ కలిశాయి. బుడ్డ తన చేతికి ఇచ్చేసి పక్క టేబుల్‌కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇద్దరం కాలేజీ మేడ ఎక్కాం. అజాన్ వినపడగానే తను ఒక ఖర్జూరం తిని నీళ్లు తాగింది. టిఫిన్ బాక్స్ మాత్రం తెరవలేదు. కార్తీక సోమవారం, నేను చుక్క చూస్తేగానీ తినను కదా, నా కోసం ఆగింది. బాక్సులో ఉన్నది వాళ్ల అమ్మీ ఉల్లిపాయ వెయ్యకుండా నాకని చేసిన టమాటా అన్నం.

ఆకాశం నిండా తుఫాను మబ్బు. ఒక్క చుక్క లేదు. పరీక్ష టెన్షన్‌లో కాఫీ కూడా తాగలేదేమో, నాకు కళ్లు తిరుగుతున్నాయి.

"అదిగోనే నీ చుక్క" అని చెయ్యి చూపించింది.

చూస్తే ఇంద్రకీలాద్రి మీద లైటు. అది చుక్క కాదే అన్నాను.

"మీ అమ్మవారి లైటే కదా. ఆవిడేం అనుకోదులే. తిను" అని బాక్స్ నా ఒళ్లో పెట్టింది.

తిన్నాను. ఇద్దరం తిన్నాం.

తర్వాత తను హనుమాన్ జంక్షన్‌లో కెమిస్ట్రీ లెక్చరర్ అయింది. తన ల్యాబ్‌లో ఏ పిల్లనీ పిపెట్ నోట్లో పెట్టుకోనిచ్చేది కాదు. ఆ పిల్లలే నిన్న వన్ టౌన్ సందంతా నిండిపోయారు.

అన్నీ అయిపోయి చీకటి పడ్డాక నేను వాళ్లింటి మేడ మీదికి వెళ్లి నిలబడ్డాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లి, మెట్లెక్కి వచ్చి నా చేతిలో అన్నం ప్లేటు పెట్టి వెళ్లింది. నోట్లోకి ముద్ద పోలేదు.

తలెత్తి చూశాను. మళ్లీ మబ్బే. చుక్క లేదు.

కొండ మీద లైటు వెలుగుతోంది.

తిన్నానే నసీమా.

ఆకలీ దాహమూ లేని చోట, నీ అల్లా దగ్గర, హాయిగా ఉండవే.