ఇంజను ఆపని తూకం

వారమంతా నంద్యాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఆదివారమైనా కాళ్లు చాపుకుందామనుకుంటే చిన్నాయన ఫోను. ఉన్నపళంగా రమ్మన్నాడు. ఆళ్లగడ్డ బస్సెక్కి దారి పొడవునా విసుక్కుంటూనే ఉన్నాను.

ఆళ్లగడ్డ దాటాక రోడ్డు పక్కన ఆయనకో కాటా ఉండేది. లారీలనూ ట్రాక్టర్లనూ సరుకుతో సహా తూచే ఇనుప పలక, పక్కనే చిన్న గది, గదిలో ఒక కంప్యూటర్. సరిగ్గా వడ్ల కాలంలో ఆ కంప్యూటర్ చచ్చింది. దాంట్లోని ప్రోగ్రామూ పోయింది. అమ్మినవాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. తూకం డబ్బా మీద ఎర్రటి అంకె వెలుగుతూనే ఉంది కానీ చీటీ అచ్చు కావడం లేదు. చేత్తో రాసిస్తే మిల్లువాళ్లు ఒప్పుకోవడం లేదు.

"మన కాటా చెడిందని ఊరంతా అంటాండారు రా. ఈడ తూకంలో దొంగతనం ల్యాదనే పేరొక్కటే నేను సంపాదించుకుండేది. అదీ పోతాంది," అన్నాడు చిన్నాయన. ఎన్నడూ అంత చిన్న గొంతుతో మాట్లాడిన మనిషి కాదు. నాకు భయమేసింది. చేసిపెడతానని మాటిచ్చేశాను.

ఇచ్చాను సరే, ఆ డబ్బా పంపే అంకెను కంప్యూటర్‌తో ఎలా అందుకోవాలో నాకు తెలిస్తే కదా! అయితే ఎక్కడో ఎవరో రాసి, అందరూ వాడుకోండని వదిలేసి ఉంటారని గట్టి నమ్మకం. అలా ఊరికే ఇచ్చేసిన ప్రాజెక్టుల లోపలికి దూరి, కోడును వరుస వరుసగా వెతికిపెట్టే సైట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నంద్యాలలో నెట్ సెంటర్‌లో కూర్చుని ‘వెయిట్’ అని కొట్టాను. అక్షరాల మందం మార్చే కోడు వచ్చింది, కసరత్తు చేసేవాళ్ల బరువులు రాసుకునే కోడు వచ్చింది, కాటా మాత్రం రాలేదు. డబ్బా కంపెనీ పేరు కొడితే అసలేమీ రాలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి తన ప్రోగ్రాములో దేనికి ఏ పేరు పెట్టుకున్నాడో ఇక్కడ కూర్చుని ఊహించడం అంత తేలిక కాదు. చివరికి పేర్లు వదిలేసి, డబ్బాతో ఇచ్చిన పుస్తకంలో చూసి, అది ప్రతి అంకెకూ ముందు పంపే గుర్తులనే వెతికాను. దొరికింది. ఎవరో విదేశీయుడు తమ డెయిరీలో పాల క్యాన్లు తూచడానికి రాసుకున్న కోడు. కుర్చీలోంచి లేచి కేక వేసినంత పని చేశాను.

మరుసటి ఆదివారం దాన్ని చిన్నాయన కోసం కొన్న పాత కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఖాళీ పలక మీద మేమిద్దరం నిలబడితే మా బరువు టక్కున చూపించింది. తర్వాత రుద్రవరం రైతు ఒకాయన వడ్ల ట్రాక్టరు ఎక్కించాడు. స్క్రీను ఖాళీ. ఎంతసేపైనా ఖాళీయే. వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. చిన్నాయన డబ్బా వంక చూసి తానే అంకె కొట్టబోయాడు.

"ఏందప్పా, నీ ఇష్టమొచ్చిన నంబరు కొట్టుకుంటాండావ్?" అన్నాడు రైతు.

చిన్నాయన చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. ఆ మాట నా వల్లే పడాల్సి వచ్చిందని నాకు ఏడుపొచ్చినంత పనైంది. గబగబా కోడు తెరిచి చదివాను. ఒకే అంకె వరసగా కొన్నిసార్లు వస్తేనే తూకం కుదురుకున్నట్టు లెక్క. పాల క్యాను కదలకుండా కూర్చుంటుంది. ఈ ట్రాక్టరు పలక మీద కూడా దడదడమంటూ ఊగుతోంది, దాంతోపాటు అంకె కూడా ఊగుతోంది.

"అన్నా, ఒక్క నిమిషం ఇంజను ఆపు," అన్నాను.

"ఆపితే మళ్లా నువ్వొచ్చి తోస్తావా? సెల్ఫ్ పన్జేయదు."

మా వైపు సగం ట్రాక్టర్లది అదే కథ. పొద్దున తోసి స్టార్ట్ చేస్తే మళ్లీ పొద్దుగూకేదాకా ఆపరు. పుట్టి పెరిగిన నాకే గుర్తు రాకపోతే ఆ పాలాయనకెలా తెలుస్తుంది? రైతును బతిమాలి ఇంజను ఆపించాను. అంకె నిలబడింది, చీటీ వచ్చింది. ఆ తర్వాత వరుసలో ఉన్నవాళ్లంతా కలిసి నన్ను తిట్టుకుంటూ, నిండు ట్రాక్టరును రోడ్డెక్కేదాకా తోశారు. నేనూ తోశాను.

అక్కడే కూర్చుని, ఊగే అంకెలను కాసేపు పోగేసి వాటి సగటు తీసేలా మార్చాను.

"ఆ సగటనేది ఎవురి పక్క మొగ్గుతాది?" అన్నాడు చిన్నాయన.

"ఎవరి పక్కా మొగ్గదు."

ఆయన నా మాట నమ్మలేదు. తన ట్రాక్టరునే ఇంజను ఆపీ, ఆపకుండానూ మళ్లీ మళ్లీ తూయించి, చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే తల ఊపాడు.

"ఆ పాలాయన మనకెట్ల తెలుసు?"

"తెలీదు. ఎవరైనా తీసుకోవచ్చని రాసిపెట్టినాడు."

"అట్లయితే మనదీ ఇచ్చేయ్. ఇంగెవురన్నా ఎతుక్కుంటాంటారు."

మార్చిన కోడును ఆ పాలాయనకే పంపించాను. ‘ఇక్కడ బండ్లు తూకం మీద కూడా ఇంజను ఆపవు’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా కోడు మధ్యలో రాశాను. ఎందుకు ఆపరని పాలాయన తిరిగి రాసి అడిగాడు. సెల్ఫ్ గురించీ తోయడం గురించీ నేను రాసిన జవాబు ఆ కోడుకంటే పొడుగైంది.

కొన్నేళ్ల తర్వాత వేరే దేనికోసమో వెతుకుతుంటే, ఏ దేశానిదో కలప డిపో ప్రోగ్రామొకటి కంటపడింది. దాంట్లో నా వరుసలు, ఇంజను ఆపవన్న ఆ వాక్యంతో సహా. సంతోషం పట్టలేక చిన్నాయనకు ఫోను చేశాను.

"మన కోడు యాడికో పోయింది చిన్నాయనా! మనం రాసింది రాసినట్టే ఉంది!"



"వాళ్లకు తూకం సరిగ్గా వస్తాందా?" అన్నాడు.

నా వాక్యం ఉందా లేదా అని చూశానే గానీ, దాని కింద వాళ్లేం మార్చుకున్నారో చూడనే లేదు. ఫోను పెట్టేయకుండానే ఆ కోడును మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.