హీలియం తెరకు నేను పెట్టిన కిటికీ

విశ్వానికి నా వల్ల జరిగిన నష్టం ఏమీ లేదు. విశ్వం వల్ల నా పరువుకు జరిగిన నష్టం మాత్రం కుప్పం నుంచి పుంగనూరు దాకా పరుచుకుని ఉంది. వినండి.

మదనపల్లె టమోటా మార్కెట్లో తూకాల లెక్కలు చూస్తాను. ఇంటర్‌తో చదువు ఆగింది, ఆకాశం లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పుంగనూరులో ఉండే మా ఆవిడ అన్న జోసెఫ్ బావకు అదొక వేళాకోళం. "ఏమప్పా, సుక్కలు కిలో ఎంత పలికినాయి?" అంటాడు. ఆయన నోరు ఒక్కసారైనా మూయించాలన్నది నా జీవితాశయం.

క్వేజార్ అంటే వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరాన మండే మహాదీపం. దాని వెలుగు మనదాకా వచ్చే దారిలో, గెలాక్సీల నడుమ ఉన్న పలచని హీలియం అతినీలలోహిత కిరణాలను మేస్తూ ఉంటుంది, చేలో పడ్డ మేకలాగా. ఎక్కడ ఎంత మేసిందో చూస్తే విశ్వం పసితనంలో ఎలా వేడెక్కిందో తెలుస్తుంది. అంతరిక్షంలోని దుర్భిణి తీసిన ఆ వర్ణపటాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఆ దుర్భిణి అడక్కపోయినా పెడుతుంది.

ఒకటి తెరిచాను. హీలియం అంతా మేసేసి బోసిపోయిన చోట తాటిచెట్టంత వెలుగు గీత! 1216 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. హీలియం మేసే కిరణం అల పొడవు రమారమి 304. విశ్వం సాగి అది నాలుగింతలైతే సరిగ్గా 1216. తిప్పి తిప్పి గుణించాను, తప్పు లేదు. అంటే సుమారు పదకొండు వందల కోట్ల ఏళ్ల కిందట హీలియం తెరకు కిటికీ!

వేరే దిక్కుల్లోని క్వేజార్లనూ చూశాను. అన్నిట్లోనూ అదే చోట కిటికీ! తెలివితక్కువవాడైతే అనుమానించేవాడు. నేను కుప్పం కాలేజీలో ఉపన్యాసానికి ఒప్పుకుని, బావకు ఫోన్ చేశాను.

"ఎటు చూసినా కిటికీలే బావా!"

"కట్టినాయనకు గాలి బాగా రావల్లని ఉండాదేమో. సరే, కుప్పంలో సెప్పినాక ఈడికి రా. సాయంత్రం మా చర్చివాళ్లందర్నీ పిలుస్తా."

కుప్పంలో ఫిజిక్స్ చెప్పే సుజాత మేడమ్ తన విద్యార్థుల ముందు నా చేత మాట్లాడించింది. అంతా విని నెమ్మదిగా అడిగింది.

"గుణకారం బాగుండాదప్పా. ఉత్తరం పక్క కిటికీ యాడుండాది?"

"నాలుగింతల దగ్గర."

"దక్షిణం పక్క?"

"ఆడా అంతే మేడమ్."

"అన్ని దిక్కులా ఒకే దూరమైతే, నడిమధ్యన ఎవరుండారు?"

నా వేలు దానంతటదే నా గుండె మీదికి వచ్చింది. "నేను... అంటే, మనం."

"అయితే అది మనింటి వెలుగే! భూమి సుట్టూ పలచగా హైడ్రోజన్ ఉండాది. ఎండ తగిలి 1216 దగ్గరే మెరస్తాది. దుర్భిణి తిరగతాండేది దాని లోపలే. ఖాళీ ఆకాశాన్ని సూసినా ఆ గీత పడతాది. క్రేటు బరువు తియ్యకుండా టమోటాలు తూచినారు మీరు!"

పిల్లలు బల్లలు చరిచారు. భూమి చీలి నన్ను మింగుతుందేమోనని చూశాను, దానికి కూడా నవ్వొచ్చినట్టుంది, చీలలేదు.

మేడమ్ ఆ గీతను తీసేసి వర్ణపటం మళ్లీ చూపించింది. చీకట్లో అక్కడక్కడా సన్నటి వెలుగు పోగులు. హీలియం మేయకుండా వదిలిన నిజమైన సందులు అవేనట, భూమి పుట్టకముందే బయల్దేరిన వెలుగట. నవ్వుతున్న పిల్లలు కూడా ముందుకు వంగి చూశారు.

పుంగనూరు బస్టాండులో బావ చర్చి పెద్దలతో సహా నిలబడి ఉన్నాడు.

"ఎంత దూరం తేలింది కిటికీ?"

"మన నెత్తి మీదే బావా. కిటికీ కాదు, భూమిని చుట్టుకున్న వెలుగు. చందమామను దాటి అవతల దాకా ఉందట. మన కంటికే కనబడదు."

బావ తలెత్తి ఆకాశం వైపు చూశాడు. పెద్దలూ చూశారు. బస్సులు హారన్లు కొడుతున్నా ఎవరూ కదల్లేదు. బావ నోరు మూతపడింది, నా పరువు పోయిన పూటే.

కాసేపటికి తెరుచుకుంది కూడా. "నెత్తిమీదుండే దానికి కుప్పం దాకా టికెట్టు యాల తీసినావప్పా?"

పుంగనూరు బస్టాండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: విశ్వానికి నడిమధ్యన నేనే ఉన్నానని తేల్చే లెక్క ఎంత సరిగ్గా వచ్చినా, ఇక జన్మలో దాన్ని నమ్మను.