గోనెపట్టా వెనక బంపర్

నిన్న రెజిమెంటల్ బజార్‌లో వెల్డింగ్ వాసన తగలగానే నాన్న జీపు గుర్తొచ్చింది.

రాళ్లగుట్టలెక్కే ఆ జీపుకు వెనక బంపర్ చేయించాలని నాన్న మందపాటి ఇనుము కొన్నాడు. ఒక సెలవురోజు చిన్నపిల్లనైన నన్ను మెట్టుగూడలో ఖాజా మామ వెల్డింగ్ షెడ్డులో కూర్చోబెట్టి, "జెర కన్నేసి ఉంచు బిడ్డా. మన ఇనుము దాచి పల్చటిది అతికిస్తరు," అని చెవిలో చెప్పి పోయాడు.

నాకసలే అనుమానం ఎక్కువ. ఖాజా మామ బిస్కెట్ ఇస్తే, ఎందుకిచ్చాడా అని ఆలోచించాను. కాసేపటికి ఆయన నాకూ జీపుకూ మధ్య గోనెపట్టా వేలాడదీశాడు.

"ఎందుకు కడ్తున్నవ్ మామా?"

"నీకెందుకు బేటా? అటు తిరిగి కూసో."

దొంగ దొరికాడనుకున్నాను. పట్టాకున్న చిరుగును వేలితో పెద్దది చేసి, వెల్డింగ్ తెల్లటి వెలుగులోకి రెప్ప వేయకుండా చూశాను. ఇనుము మారలేదు. సాయంత్రానికి నా కళ్లలో మాత్రం ఇసుక పోసినట్టయింది. మంట తగ్గాలని నాన్న నా రెప్పల మీద ఆలుగడ్డ ముక్కలు పెడుతూ కూడా ఇనుము సంగతే అడిగాడు.

నిన్న బజార్‌లో చూసిన వెల్డింగ్ దుకాణానికి పట్టా లేదు. నిప్పురవ్వలు లేవగానే నా చేయి దానంతటదే పక్కనున్న నా కూతురి కళ్లకు అడ్డం వెళ్లింది.

"ఏం దాస్తున్నవ్ మమ్మీ?" అంది, నా వేళ్లు విడదీస్తూ.