అమ్మవారు కూర్చున్న అద్దం

మొగం మీద మశూచి మచ్చలున్న ఆడపిల్లకు పెండ్లి కావాలంటే బాన్సువాడ చుట్టుపక్కల ఆ రోజుల్లో రెండే దిక్కులుండేవి. ఒకటి పోచమ్మ, రెండోది పండరి కెమెరా. పోచమ్మకు కోడిని కోయాలి. పండరి ముందు కదలకుండా కూర్చుంటే చాలు.

అంగడి బజారు చివర, పైకప్పు స్థానంలో తెల్లగుడ్డ కట్టిన కొట్టం అతని స్టూడియో. ఎండ ఆ గుడ్డలోంచి వడగట్టుకుని మెత్తగా దిగేది. మధ్యలో మూడుకాళ్ళ కట్టె స్టాండు, దాని మీద సందుగంత కెమెరా, వెనక నల్ల ముసుగు. పండరి తండ్రి బట్టలకు రంగులద్దేవాడు. మిల్లు బట్టలు వచ్చి ఆ పని మింగేశాయి. కొడుకు నిజామాబాదు వెళ్ళి ఒక ఫోటోల దుకాణంలో పళ్ళేలు కడుగుతూ ఈ పని నేర్చుకుని వచ్చాడు. "రంగులు పోతే పోయినయి, నలుపూ తెలుపన్న మిగిలినయి గద" అని తన మీద తనే పరాచికం ఆడుకునేవాడు.

కెమెరా పాతదే. దాని ముందున్న లెన్సు మాత్రం జర్మనీది, కొత్తది. యుద్ధం వచ్చింది, ఇక ఆ దేశపు సరుకు రాదు అని అందరూ అంటుంటే, భార్య జమునాబాయి కాళ్ళ కడియాలు అమ్మి సికింద్రాబాదు సేటు దగ్గర దాన్ని కొన్నాడు. సేటు ఒక ఏడాది గ్యారంటీ అన్నాడు.

ఆ ఏడు దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేసే పండుగ. రైతు నాగలికి, వడ్రంగి ఉలికి బొట్టు పెట్టినట్టే వీళ్ళు కెమెరాకు పెట్టాలి. కొత్త లెన్సు మీద ముచ్చటకొద్దీ దాన్ని విప్పి పీట మీద నిలబెట్టి, ఇత్తడి అంచుకు పసుపు రాశారు. జమునాబాయి నిప్పుల పళ్ళెంలో ఊదు వేసి సరిగ్గా దాని కిందికి జరిపింది. పొగ కమ్మగా లేచింది. ఇద్దరూ దండం పెట్టి భక్ష్యాలు తినడానికి లోపలికి పోయారు. పళ్ళెం తీయడం ఇద్దరూ మరిచారు. వచ్చి చూసేసరికి ఇత్తడి, చేయి పెట్టలేనంత కాలి ఉంది.

లెన్సు లోపల రెండు అద్దాలుంటాయి. చెట్టుబంక వంటి దానితో ఒకదానికొకటి అతికించి ఉంటాయి. ఆ వేడికి బంక కరిగి, చల్లారాక పాలమీగడలా ఒక పొర కట్టింది. పండరి ముసుగులో తల పెట్టి చూస్తే ఊరంతా మంచు పడ్డట్టుంది. మరునాడే సికింద్రాబాదు పోదామనుకున్నాడు.

మరునాడు గంగవ్వ వచ్చింది, ఈడొచ్చిన బిడ్డను వెంటబెట్టుకుని. బిడ్డ మొగం నిండా మచ్చలు. "నాకు కైకిలి పనికి పోయేదున్నది, జల్ది తియ్యి" అని తొందర పెడితే, ఏది వస్తే అది వస్తుందని తీశాడు. ఎండలో కాగితం అచ్చయ్యాక చూస్తే మచ్చ అన్నది లేదు. మొగం చుట్టూ వెన్నెల పూసినట్టుంది.

గంగవ్వ ఫోటోను కండ్లకద్దుకుంది. "తల్లి పోసిన మచ్చలు తల్లే తీస్కపోయింది! దసరా నాడు పూజ జేసిన్రు గద, అద్దంల కూసున్నదే అమ్మ!"

మా దిక్కు మశూచిని జబ్బు అనరు, తల్లి పోసింది అంటారు. ఇచ్చింది ఆమే అయితే తీసుకోవలసిందీ ఆమే కదా. మాట కాలువ నీళ్ళకంటే జోరుగా పారింది. వర్ని ఊరి దాకా పోయింది. బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు కెమెరా ముందు కొబ్బరికాయ కొట్టి, తర్వాత కుర్చీలో కూర్చునేవాళ్ళు. ఆ పొర అమ్మవారు కాదు, బంక అని పండరికి తెలుసు. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. గ్యారంటీ ఉన్నన్నాళ్ళు సేటు గడప తొక్కలేదు. ఎందుకు తొక్కుతాడు? చెడిపోయిన లెన్సు ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంటే బాగు చేయించుకునే పిచ్చివాడు ఎవడు?

అతణ్ణి తప్పు పట్టను. మచ్చలు ఆ పిల్ల చేసిన నేరమైనట్టు మొగం తిప్పుకునే లోకం ముందు, ఆ అద్దం చేసిన మోసం ఎంతని? ఫోటో చూసి వచ్చిన పెండ్లికొడుకుల్లో కొందరు పిల్లను చూసి తిట్టుకుంటూ పోయారు. కొందరు పిల్ల మాట విని, పని చూసి, మచ్చలను మరిచిపోయారు. ఫోటో లేకుంటే వాళ్ళు కూడా గడపదాకా వచ్చేవాళ్ళు కాదు.

అట్లా రెండు దసరాలు పోయాయి. గ్యారంటీ మాట పండరి పూర్తిగా మరిచిపోయాడు. అప్పుడు సాయవ్వ వచ్చింది.

సాయవ్వది నస్రుల్లాబాద్ అవతల ఒక పల్లె. వెనక భర్త ముత్తెన్న, వంగిపోయి, వీపు మీద పలుచటి గుడ్డ కప్పుకుని ఉన్నాడు. ముత్తెన్నకు కాలువ కింద చిన్న మడి ఉంది. దానికి నీళ్ళ వంతు వచ్చిన రోజే దొర ఇంటి నుంచి వెట్టికి పిలుపొచ్చింది. "నీళ్ళు పారిచ్చుకొని మాపటికి వస్త" అన్నాడు. కాదనలేదు, మాపటికి వస్తానన్నాడు అంతే. దొర గడీలో స్తంభానికి కట్టేసి కొరడాతో కొట్టారు. వెట్టి రద్దయిందని సర్కారు ఏనాడో కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం గడీ గోడ దాటి లోపలికి పోలేదు.

"వెట్టి వద్దనే సంఘపోళ్ళు నిజామాబాదుల వకీలును మాట్లాడిన్రన్నా" అంది సాయవ్వ. "నోటిమాట నడవది, దెబ్బలు ఫోటో తీపియ్యిమన్నడు. నువ్వు దీస్తవని వచ్చినం."

ముత్తెన్న గుడ్డ తీశాడు. వీపంతా ఎర్రటి వాతలు, కొన్నిచోట్ల చర్మం పగిలి ఉంది. పండరి ముసుగులో దూరి తీశాడు.

కాగితం అచ్చయింది. సాయవ్వ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"గిది మా ఆయన వీపేనా అన్నా? పెండ్లినాటి వీపు లెక్కున్నది గద!"

నున్నగా ఉంది. మీగడ పూసినట్టుంది. ఒక్క వాత లేదు. పండరి మళ్ళీ తీశాడు. మళ్ళీ అదే వీపు.

"అమ్మోరు దొర కొట్టిన దెబ్బలు గూడ తీస్కుంటదా?" అంది సాయవ్వ. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. "అవి ఆమెవి గావు గద. ఆమెకెందుకు?"

"జర ఓపిక పట్టు చెల్లే" అన్నాడు పండరి. ఎందుకు ఓపిక పట్టాలో అతనికే తెలియదు. వాళ్ళు పోయాక అన్నం ముందు కూర్చుని తినకుండానే చేయి కడిగేశాడు.

"ఏమయ్యా, ఏమైంది?" అంది జమునాబాయి.

"అద్దం బాగు చేపియ్యాలె."

"గ్యారంటీ అయిపాయె గదా?"

"అయిపాయె."

"బాగైతదా మరి?"

"అయితే అయితది. లేకుంటే పలుగుతది. పలిగితే ఇంకోటి దొరకది. జర్మనీల బాంబులు పడుతున్నయి, అద్దాలు జేసెటోడెవడు?"

"బాగైతే?"

"బాగైతే మచ్చలు కనవడ్తయి. పెండ్లిండ్లోళ్ళు రారు."

జమునాబాయి కొంగుతో మొగం తుడుచుకుంది. "అంటే పలిగినా మనకు నష్టమే, బాగైనా నష్టమే. మంచి బేరమే పట్టినవ్!" అంది. కాసేపటికి మళ్ళీ తనే, "ఆ వీపు నేను గూడ జూసిన" అంది.

రెండు మూడు రోజులు పండరి అటూ ఇటూ ఊగాడు. పొద్దున లెన్సు విప్పేవాడు, ఎవరో కొబ్బరికాయతో వస్తే మళ్ళీ బిగించేవాడు. ఆ ఊగిసలాట తీర్చినవాడు గుమాస్తా బసవయ్య. దొర లెక్కలు చూసేవాడు, కొరడా దెబ్బలు కూడా లెక్కపెట్టి వేయించేవాడు ఆయనే. నవ్వుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమిరా పండరీ, ముత్తెన్నగాని వీపు మంచిగ తీసినవంట? ఊరంత అంటుండ్రు. మాకొక కాపీ ఇయ్యి. రేపు కచేరిల మేమే సూపిస్తం, దెబ్బలు ఏడున్నయో సూడుండ్రి అని."

పండరి నోట మాట తొందరగా వచ్చింది. "లేదయ్యా. గాజు పలకలు పలిగినయి. కాగితాలు గూడ కరాబైనయి."

"పోనీ తియ్యి. అద్దం మాత్రం పైలం. బంగారమసొంటి అద్దం, దాన్ని ముట్టకు. దొరసాని గూడ తీపించుకుంటనన్నది, బండి పంపుతం." లేచి, గుమ్మం దగ్గర ఆగి, "ముట్టకు అంటున్న, ఇనవడ్డదా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆయన బజారు మలుపు తిరగగానే పండరి వీపు బొమ్మలు పడ్డ ఆ గాజు పలకలను తీసి గుమ్మం రాయికి కొట్టాడు. కాగితాలు పొయ్యిలో వేశాడు. ముందు అబద్ధమాడి, తర్వాత దాన్ని నిజం చేశాడు. ఎవరికి నచ్చిన అద్దమో తెలిసిపోయాక ఇక ఊగడానికి ఏమీ మిగల్లేదు. మరునాడు లెన్సును రుమాలులో చుట్టుకుని కామారెడ్డిలో రైలెక్కాడు.

జరిగింది విని, సేటు లెన్సును వెలుతురులో పెట్టి చూసి నవ్వాడు. "గ్యారంటీయా? నిప్పుల మీద పెట్టి పూజ చేస్తరని మాకు తెలుస్తే ఒక్క దినం గూడ ఇయ్యకపోదుము." అయినా మంచివాడే. కంటోన్మెంటులో పటాలం దూరదర్శినులు బాగు చేసే ఒక ముసలి సాహెబు ఇల్లు చూపించాడు.

సాహెబు వేలితో లెన్సు అంచు నిమిరాడు. "రెండింటినీ విడదీయాలె బేటా. మళ్ళ వేడి చేస్తెనే విడిపోతయి. ఆ వేడికే టపుక్కున పలగొచ్చు. నేను ఖరాఖండిగ చెప్పలేను. పలిగితే నన్ను తిట్టొద్దు. వద్దంటే గిప్పుడే తీస్కపో. గిట్లనే నడుస్తుంది గద?"

"నడుస్తుంది సాబ్" అన్నాడు పండరి. "మంచిగ నడుస్తుంది. గదే బాధ." రుమాలు మడిచి పక్కన పెట్టి, "పెట్టుండ్రి" అన్నాడు.

గిన్నెలో నీళ్ళు కాగుతున్నంతసేపు పండరి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జమునాబాయి బోసికాళ్ళు గుర్తొచ్చాయి. ఒకసారి సన్నగా చిటుక్కుమంది. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

"అంచు పోయింది, నడిమి బతికింది" అన్నాడు సాహెబు. గోరంత పెచ్చు లేచిపోయింది. ఆ మేరకు నల్లరంగు పూసి, అద్దాలు తుడిచి, కొత్త బంకతో అతికించి ఇచ్చాడు. వెలుగు కొంచెం తక్కువ పట్టినా బొమ్మకు ఢోకా లేదన్నాడు.

బాన్సువాడలో అమ్మవారు వెళ్ళిపోయిందన్న వార్త అమ్మవారు వచ్చిందన్న వార్త కంటే తొందరగా పాకింది. గంగవ్వ చెల్లెలి బిడ్డను తీసుకొచ్చి, ఫోటో చూసి కొట్టంలోనే శాపనార్థాలు మొదలుపెట్టింది. "తల్లిని ఎల్లగొట్టినవ్ గద్రా! నీ చేతులిరగ!"

జమునాబాయి లోపలి నుంచి వచ్చి నడుం మీద చేయి పెట్టింది. "అద్దం తుడిస్తె పోయే అమ్మనా మీ అమ్మ? గంతేనా ఆమె బలం?"

గంగవ్వ పిల్లను లాక్కుని వెళ్ళిపోయింది. బేరం మాత్రం రాలేదు. బండ్లు వేరే స్టూడియోలకని బోధన్ దారి పట్టాయి. దొరసాని బండీ రాలేదు. ఒక పొద్దున కొట్టం పైగుడ్డ నిలువునా చీరి ఉంది. ఎవరు చీరారో పండరి అడగలేదు. జమునాబాయి దాన్ని కుట్టింది. ఆ తర్వాత బీడీలు చుట్టడానికి కూర్చుంది.

సాయవ్వకు కబురు పెట్టాడు. అప్పటికి ముత్తెన్న వీపు మానుతోంది. పుండ్లు పోయి చారలు మిగిలాయి. పండరి మధ్యాహ్నం తీయలేదు. పొద్దు వాలేదాకా ఆగి, పక్కన వేలాడే గుడ్డ ఎత్తి, ఏటవాలు ఎండలో కూర్చోబెట్టాడు. ఆ వెలుతురులో ప్రతి చార పక్కన దాని నీడ పడింది. గట్టు పక్కన కాలువలాగా.

ఫోటో చేతికిస్తే సాయవ్వ చాలాసేపు చూసింది. వేలు పెట్టి ఒక్కొక్క చారనూ తడిమింది. ముత్తెన్న అడిగాడు, "నా వీపు నేనెప్పుడు సూడలే. గట్లున్నదా?"

"గట్లనే ఉన్నది" అంది సాయవ్వ. అప్పుడు ఏడ్చింది.

కేసు గెలిచారా అని అడుగుతారు. లేదు. వాయిదా మీద వాయిదా పడి, చివరికి దొరను మందలించి వదిలేశారు. ఆ కాలపు కచేరీలు దొరల చుట్టాలవి. అయితే ఆ ఫోటో ఊరూరా తిరిగింది. సంఘం సభల్లో చేతి నుంచి చేతికి పోయి అంచులు నలిగింది. చదువు రాని జనం కూడా దాన్ని చదివారు. ఆ ఊళ్ళో గడీ స్తంభానికి మళ్ళీ ఎవర్నీ కట్టలేదు. అది నాకు తెలిసినంతలో ఏ తీర్పుకూ తీసిపోదు.

పండరి కొట్టానికి వచ్చే మనుషులు మారారు. చేయి విరిగినవాళ్ళు, కాలిన గుడిసె ముందు నిలబడి తీయమనేవాళ్ళు, దాచుకోవలసింది ఏమీ లేనివాళ్ళు. వాళ్ళలో చాలామంది వడ్లో, కూరగాయలో ఇచ్చేవాళ్ళు. కొందరు అదీ లేక దండం పెట్టేవాళ్ళు. ఒకరోజు పెంటవ్వ అనే ముసలమ్మ వర్ని వైపు నుంచి నడిచి వచ్చింది. నాట్లలో కాసేపు నడుము ఎత్తిందని పెద్దపాలేరు కట్టెతో కొట్టాడు, దవడ వాచి కన్ను మూసుకుపోయింది. కుర్చీలో కూర్చుని తల దువ్వుకుంది, చీర సర్దుకుంది.

"మంచిగ తియ్యి కొడకా" అంది.

"ఉన్నది ఉన్నట్టే వస్తదవ్వా. మంచిగ రాదు."

పెంటవ్వ వాచిన మొగాన్ని కెమెరాకు ఎదురుగా తిప్పింది. "నేననేది గూడ గదే గదరా" అంది.

పండరి నల్లముసుగు మీదికి లాక్కున్నాడు.