పీరు గొంగడి

మొన్న బీదర్ దర్గా మెట్ల దగ్గర లోబాన్ సాంబ్రాణి పొగ వాసన తగలగానే మెట్టు మీదే ఆగిపోయాను.

చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం దిగకపోతే నాయనమ్మ మమ్మల్ని ఇక్కడికే తెచ్చింది. దర్గా చూసుకునే ముజావర్ తాత నెమలీకల కట్టతో వాడి తల నిమురుతూ, ఆ దర్గాలోని పీరు ఓడలో వచ్చిన రాకుమారుడని ఉర్దూలో చెప్పాడు.

"కాదు సాబ్, గొంగడి కప్పుకొని మా ఊరు కుశనూర్‌ల గొర్లు కాసిండు," అంది నాయనమ్మ.

తన కథ తప్పు చెప్పినందుకు పీరు అలిగితే తమ్ముడు బతకడనుకున్నాను.

"తాతా, పీరుకు కోపమొస్తదా?" అని ఏడుస్తూ అడిగాను.

ఆయన నాయనమ్మ వైపు తిరిగాడు. "మళ్ళ చెప్పమ్మా, గొంగడి ఏం రంగు?"

"నల్లది."

మొన్న లోపల ముజావర్ తాత మనవడు, పిల్లవాడిని తెచ్చిన ఒక తల్లికి ఉర్దూలో ఆ కథే చెబుతుంటే, తమ్ముడూ నేనూ ఆగి విన్నాం. రాకుమారుడు ఓడ దిగాడు. ఆయన భుజాన నల్ల గొంగడి ఉంది.